ఇంత నిధి ఊరికే ఇస్తున్నారా!

ఈమధ్య నాకో పిచ్చి పట్టింది. రాత్రి అన్నం తిని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే లేవబుద్ధి కావడం లేదు. సినిమాలు కాదు, సీరియళ్లు కాదు, మలేరియా క్రిమి జన్యువులు! సికింద్రాబాద్‌లో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పుకునేదాన్ని. ప్లాస్మోడియం జీవితచక్రం కళ్లు మూసుకుని బోర్డు మీద గీసేస్తాను. ఆ క్రిమి జీనోమ్ మొత్తం, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, పైసా కట్టకుండా నా బల్ల మీదికి వస్తుందని మాత్రం పీహెచ్‌డీ చేస్తున్న పాత స్టూడెంటు ఇంటికొచ్చి చూపించేదాకా తెలియదు. "అందరికీ ఓపెనే కదా మేడమ్" అంది చాలా మామూలుగా. తనకు మామూలే. నాకు మాత్రం నోట మాట రాలేదు.

సికింద్రాబాద్‌లో ఉండి ఇది చూడటంలో ఇంకో మజా ఉంది. కథ మొదలైంది ఇక్కడే మరి. 1897 ఆగస్టు 20న బేగంపేట ఆసుపత్రిలో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు కోసి చూశాడు. పంకా విసిరించుకుందామంటే కోసిన దోమలు ఎగిరిపోతాయి. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క ఐపీసూ పగిలి ఉంది. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమకు ఒక అణా చొప్పున తీసుకుని కుట్టించుకున్నాడు. ఆ దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు, వాటి లోపల నల్లటి రేణువులు. రోగుల రక్తంలో మలేరియా క్రిమిలో కనిపించే రేణువులు కూడా అచ్చం ఇలాంటివే. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందనడానికి ఆ నలుపే రాస్‌కు దొరికిన ఆనవాలు. ఈ కబురు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యేసరికి డిసెంబరు 18 అయింది. 1902లో నోబెల్ వచ్చింది.

ఆ వ్యాసం ఇప్పుడు పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉంది, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. నేను చదివాను! పాత పేజీలు స్కాన్ చేసి యథాతథంగా పెట్టారు. దాని తోబుట్టువు పబ్‌మెడ్‌ను అమెరికా ప్రభుత్వం జనానికి ఉచితంగా తెరిచింది 1997లో, అంటే రాస్ దోమకు సరిగ్గా నూరేళ్లు నిండిన ఏడాది.

ఆ నల్ల రేణువుల వెంటబడితే ఎక్కడిదాకా పోవచ్చో చూడండి. వాటి పేరు హీమోజోయిన్. క్రిమి మన హిమోగ్లోబిన్‌ను తిన్నాక హీమ్ మిగులుతుంది. అది క్రిమికి విషం. అందుకే దాన్ని స్ఫటికంగా మార్చి పక్కన పెట్టుకుంటుంది. క్లోరోక్విన్ చేసే పనల్లా ఆ స్ఫటికం కట్టకుండా అడ్డుపడటం. మరి ఫాల్సిపారం మలేరియాకు ఆ మందు ఎందుకు పనిచేయడం మానేసింది? క్లాసులో "రెసిస్టెన్స్ వచ్చింది" అని చెప్పి ముందుకు పోతాం. ఇప్పుడు ఆ రెసిస్టెన్స్‌ను కళ్లతో చూడొచ్చు.

ప్లాస్మోడీబీ తెరిచాను. మలేరియా క్రిముల జీనోమ్‌ల కోసమే కట్టిన డేటాబేస్ ఇది. ఫాల్సిపారం జీనోమ్ 2002లో బయటికొచ్చింది: 14 క్రోమోజోములు, సుమారు 2 కోట్ల 30 లక్షల అక్షరాలు. సెర్చ్‌లో ఆ రెసిస్టెన్స్‌కు మూలమైన జన్యువు పేరు, పీఎఫ్‌సీఆర్‌టీ అని కొడితే 7వ క్రోమోజోము మీదున్న దాని పేజీ వచ్చింది. కిందికి జరిపితే దాని ప్రోటీన్, 424 అమైనో ఆమ్లాల వరుస. 72 నుంచి 76 దాకా లెక్కపెడితే సీ, వీ, ఎం, ఎన్, కే. మందుకు లొంగే క్రిమిది ఆ వరుస.

దాన్ని కాపీ చేసి ఎన్‌సీబీఐ వాళ్ల బ్లాస్ట్‌లో పేస్ట్ చేశాను. 1990లో వచ్చిన ప్రోగ్రాం ఇది. మనమిచ్చిన వరుసకు పోలికున్నవాటిని ప్రపంచమంతా దాచిన సీక్వెన్సుల్లోంచి వెతికి తెస్తుంది. హిట్లు వరుసకట్టాయి. మందుకు లొంగని ఒక రకాన్ని నొక్కితే రెండు సీక్వెన్సులూ ఒకదాని కింద ఒకటి, మధ్యలో పోలిక చెప్పే వరుస. అక్షరం కలిస్తే అదే అక్షరం, దగ్గరి చుట్టమైతే ప్లస్ గుర్తు, సంబంధం లేకపోతే ఖాళీ. సీ, వీ, ఆ తర్వాత ప్లస్, తర్వాత రెండు ఖాళీలు! కింది వరుసలో సీ, వీ, ఐ, ఈ, టీ. 76వ చోట కే పోయి టీ వచ్చింది. లైసిన్ స్థానంలో థ్రియోనిన్ కూర్చుంది. మందును బయటికి తోసేసే కీలకం అక్కడుంది. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా పోయే సంగతి, తెరమీద రెండు ఖాళీ గళ్లుగా కనిపించింది. మన దేశంలో ఎక్కువగా దొరికే రకంలో ఈ ఐదూ ఎస్, వీ, ఎం, ఎన్, టీ. ముందు అక్షరాలు మారినా చివర మాత్రం టీయే.

అంతటితో ఆగలేదు. ఆ ఎస్‌వీఎంఎన్‌టీ రకం ప్రోటీన్ ఆకారాన్ని 2019లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో కనిపెట్టి ప్రోటీన్ డేటా బ్యాంకులో పెట్టారు. మౌసుతో పట్టి గిర్రున తిప్పొచ్చు. 76వ స్థానం ఎక్కడుందో వెతికితే, ప్రోటీన్ నడిమధ్య బోలు గోడకే కనిపించింది. ప్రయోగంతో ఆకారం తేలని ప్రోటీన్లకు ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ ఉంది. 2022 నుంచి అందులో 20 కోట్లకు పైగా ఊహాచిత్రాలు ఉన్నాయి. ముదురు నీలం ఉన్నచోట నమ్మొచ్చు, నారింజ రంగున్నచోట నమ్మొద్దు అని వాళ్లే రంగులేసి మరీ చెబుతారు. ఆ నిజాయితీ నాకు భలే నచ్చింది.

ఇక ఫొటోల్లో కణాలను లెక్కపెట్టే ఇమేజ్‌జె! పబ్‌మెడ్ లాగే ఇది కూడా 1997 నాటిదే, అమెరికా ఎన్‌ఐహెచ్‌లో వేన్ రాస్‌బ్యాండ్ రాశారు. రక్తం స్మియర్‌ను ఐపీసు మీద ఫోన్ పెట్టి ఫొటో తీసి అందులో వేశాను. నలుపు తెలుపు చేసి, థ్రెషోల్డ్ పెట్టి, అనలైజ్ పార్టికల్స్ నొక్కితే ఎర్రకణాల లెక్క, ఒక్కోదాని వైశాల్యంతో సహా పట్టికగా వచ్చేసింది. అతుక్కున్న రెండు కణాలను ఒకటిగా లెక్కపెడుతుంటే వాటర్‌షెడ్ అనే మెనూ ఉంది. అది నొక్కగానే రెంటి మధ్యా సన్నటి గీత పడి విడిపోయాయి. కౌంటర్ పట్టుకుని స్లైడు మీద మెడ వంచి లెక్కపెట్టినవాళ్లకే తెలుస్తుంది ఈ సుఖం.

ఇవన్నీ విదేశాలవే అనుకోకండి. హబ్సిగూడ సీసీఎంబీలో రాకేశ్ మిశ్రా, దివ్యతేజ్ సౌపతి బృందం 2018లో పెర్ఫ్ అనే ప్రోగ్రాం విడుదల చేసింది. డీఎన్‌ఏలో ఒకే చిన్న ముక్క వెంటవెంటనే తిరిగి వచ్చే చోట్లను, అంటే మైక్రోశాటిలైట్లను, పట్టుకోవడం దాని పని. పైథాన్ ఉంటే ఒక్క కమాండ్‌తో దిగుతుంది. ఫాల్సిపారం జీనోమ్ ఇచ్చి ఎంటర్ కొడితే కాఫీ చల్లారేలోపే ఫలితం వచ్చింది. ఈ జీనోమ్‌లో ప్రతి ఐదు అక్షరాల్లో దాదాపు నాలుగు ఏ లేదా టీ కాబట్టి తెర నిండా ఏటీ, ఏటీ, ఏటీ! లాల్జీ సింగ్ ఇలాంటి పునరావృతాల ఆధారంగానే మన దేశానికి డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ తెచ్చింది కూడా ఈ సీసీఎంబీలోనే.

మురిపెం సరే, జాగ్రత్తా చెప్పాలి. బ్లాస్ట్‌లో హిట్ వచ్చినంత మాత్రాన చుట్టరికం ఖాయం కాదు. ఈ-వాల్యూ చూడాలి, ఎంత సున్నాకు దగ్గరైతే అంత నమ్మకం. ప్రైమర్లు ఆర్డరిచ్చే ముందు ప్రైమర్-బ్లాస్ట్‌లో ఒకసారి వేసి చూస్తే, అవి వేరేచోట అతుక్కుంటాయేమో ముందే తెలిసి డబ్బు మిగులుతుంది. చదివిన పేపర్లను జొటేరోలో దాచుకుంటే థీసిస్ చివర్లో రెఫరెన్సులతో కుస్తీ తప్పుతుంది. ఇవేవీ ల్యాబ్‌లో చేసే ప్రయోగానికి బదులు కావు. ఏ ప్రయోగం చేయాలో తేల్చుకోవడానికి మాత్రం వీటిని మించినవి లేవు.

మన డిగ్రీ కాలేజీల్లో ల్యాబ్ అంటే ఇప్పటికీ ఫార్మలిన్ సీసాలు, పాత చార్టులే. కొత్త పరికరాలకు నిధులు ఎప్పుడొస్తాయో తెలియదు. వీటికి నిధులే అక్కర్లేదు, ఒక కంప్యూటరు, నెట్ కనెక్షన్ చాలు. లెక్చరర్ మిత్రులారా, వచ్చేవారం ప్రాక్టికల్‌లో ఒక్క గంట దీనికివ్వండి. పీఎఫ్‌సీఆర్‌టీతోనే మొదలుపెట్టించండి, 76వ అక్షరం పిల్లల చేతే వెతికించండి. మిగతావి వాళ్లే వెతుక్కుంటారు, మనకూ నేర్పుతారు.