మొదటి పిడికెడు

ధనుర్మాసం వచ్చిందంటే మా రామతీర్థంలో అలారం అక్కర్లేదు. ఇంకా చీకటి ఉండగానే రామస్వామివారి గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. అప్పటికే ఎదురింటి వదిన కళ్లాపి చల్లి, ముగ్గేసి, తలస్నానం చేసి, దీపం పెట్టేసి ఉంటుంది. ఆ తర్వాతే ఆవిడ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. మా ఇంట్లో మాత్రం కళ్లు తెరవగానే నా చెయ్యి ముందు ఫోను మీదకి, తర్వాత పాలగిన్నె మీదకి వెళ్లేది.

కొన్నేళ్ల కిందట ఒక డిసెంబరులో ఆవిడ మామూలుగానే అడిగింది, "వదినా, మీ పొద్దుటి ప్రార్థన ఎన్నింటికి?" అని. నా దగ్గర జవాబు లేదు. "వీలు చూసుకుని చేసుకుంటాం" అన్నాను. లోపలికొచ్చి కూరగాయలు తరుగుతుంటే ఆ మాట నాకే అదోలా అనిపించింది. వీలు చూసుకుని చేసేది వెనకబడిన పని కదా! పిల్ల బాక్సుకీ, మా ఆయన షిఫ్టుకీ, అత్తమ్మ మాత్రలకీ ఎవరూ వీలు చూసుకోరు. ఏ టైముకి కావాలో ఆ టైముకే కావాలి. దేవుడికి మాత్రం నేను పొయ్యి ఆర్పేశాక, గిన్నెలు తోమేశాక, రేపటికి పప్పు నానబోశాక మిగిలింది ఇస్తున్నాను. బైబిలు ఒళ్లో పెట్టుకుని రెండు వచనాలు చదివేలోపే తల వాలిపోయేది.

మత్తయి సువార్త 6వ అధ్యాయం 33వ వచనం మన ఇళ్లలో ఎంతమంది గోడలకి ఉంటుందో! తిండి గురించీ బట్ట గురించీ బెంగపడకుండా ముందు దేవుని రాజ్యాన్నీ ఆయన నీతినీ వెతకమని చెప్పే మాట. మా ఇంట్లో కూడా ఫ్రిజ్ పైన క్యాలెండరులో ఉంది. దాని కింద పాలవాడి లెక్కలు, గ్యాసు వచ్చిన తేదీలు. ఆ "ముందు" అన్న మాటని ఎప్పుడూ నిలబడి చదవలేదు.

మా ఊరి పక్కనే గురుభక్తులకొండ ఉంది. ఎప్పుడో బౌద్ధ భిక్షువులు ఉండిన విహారాల శిథిలాలు దాని మీద ఇప్పటికీ కనిపిస్తాయి. పెళ్లయిన కొత్తలో మా ఆయన తీసుకెళ్లి చూపించాడు. ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చి అక్కడ ధ్యానం చేసుకునేవాళ్లట. వాళ్ల నమ్మకం వేరు, మనది వేరు. కానీ ఆ ఇటుకలు చూస్తే నాకు ఒకటే అనిపిస్తుంది. ఇల్లు వదిలేసి వెతికేవాళ్లకి ఒక దారి ఉంది. మరి ఇల్లు వదలడానికి లేనిదాన్ని, ఇంట్లోనే ఉండి దేవుణ్ణి ముందు పెట్టడం ఎలా?

ఆ ఏడాది కొత్త సంవత్సరానికి గట్టిగా తీర్మానం చేసుకున్నాను. ఇక దేవుడే ముందు. శుక్రవారం ఉపవాస ప్రార్థన మానకూడదు, ఆదివారం ఆరాధనకి ఆలస్యం కాకూడదు. స్త్రీల సమాజంలో బాధ్యత ఇస్తే తీసుకున్నాను. క్రిస్మస్‌కి చీరలు పంచడానికి చందాలు పోగుచేశాను. ఆటో ఎక్కి చర్చికి వెళ్తుంటే ఇంట్లో సింకు నిండా గిన్నెలున్నా మనసుకి తేలిగ్గా ఉండేది. అయ్యగారు కూడా నన్ను మెచ్చుకున్నారు.

ఆ రోజుల్లోనే అత్తమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మాట మాత్రం నెమ్మదిగా తిరిగొచ్చింది. స్నానం, పక్క మార్చడం, తినిపించడం అన్నీ మంచం మీదే.

ఒక ఆదివారం. మా ఆయన రాత్రి షిఫ్టు నుంచి ఇంకా రాలేదు. నేను చీర కట్టుకుని, బైబిలు సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటబోతుంటే అత్తమ్మ పిలిచింది. పక్క తడిసింది. ఆటో బయట హారన్ కొడుతోంది. ఆ రోజు ప్రారంభ ప్రార్థన నాదే. పదో తరగతి చదివే మా అమ్మాయిని పిలిచి, "నాయనమ్మ పక్క మార్చు, నాకు టైమైపోతోంది" అని చెప్పి వెళ్లిపోయాను. మనసులో చిన్నగా గుచ్చుకుంది. దేవుడి పని తర్వాతే ఏదైనా అనుకుని దాన్ని అణిచేశాను.

తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అమ్మాయి ఒక్కర్తీ అత్తమ్మని లేపలేకపోయింది. నాన్న వస్తే ఇద్దరం కలిసి మారుద్దామని చూసింది, ఆయన డ్యూటీ పొడిగించారు. పిలవడానికి పక్కింట్లో ఎవరూ లేరు. అత్తమ్మ ఆ తడి పక్కలోనే నాలుగు గంటలు ఉంది. అమ్మాయి మంచం పక్కన కూర్చుని ఏడుస్తోంది.

నేను గబగబా నీళ్లు కాచి, ఒళ్లు తుడిచి, దుప్పట్లు మార్చాను. అత్తమ్మ ఏమీ అనలేదు. ఆవిడ తిట్టినా బాగుండేది. సాయంత్రం జావ తాగిస్తుంటే మాత్రం నెమ్మదిగా అంది, "నువ్వు గుడికెల్లొద్దని నాను అన్లేదే అమ్మా. నా పక్క మార్సీసి ఎల్తే దేవుడు కోప్పడతాడేటి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఎదురింటి వదిన ప్రశ్నకి లేనట్టే.

ఆ రాత్రి నిద్ర పట్టక బైబిలు తీశాను. మార్కు సువార్త 7వ అధ్యాయం. కొర్బాను గురించి ఎన్నిసార్లు చదివి ఉంటానో. తల్లిదండ్రులకి చెందాల్సినదాన్ని "ఇది దేవుడికి అర్పించేశాను" అనేస్తే ఇక వాళ్లకి పెట్టక్కర్లేదని కొందరు చెప్పుకునేవాళ్లు. యేసుప్రభువు వాళ్లని మెచ్చుకోలేదు. మీ ఆచారంతో దేవుడి ఆజ్ఞనే కొట్టేస్తున్నారని మందలించాడు. అదెప్పుడో శాస్త్రుల సంగతి అనుకునేదాన్ని. ఆ రోజు మాత్రం అత్తమ్మ పొడి పక్కని కొర్బాను అనేసి ఆటో ఎక్కింది నేనే.

అంటే దేవుణ్ణి ముందు పెట్టడం తప్పా? పాత పద్ధతికే, వీలు చూసుకుని చేసుకోవడానికే వెళ్లిపోవాలా? అదీ కాదు. ఆ నిద్రమత్తు ప్రార్థనల రోజులు నాకు బాగా గుర్తున్నాయి. అప్పుడు అత్తమ్మ పక్క సరిగ్గానే ఉండేది, కానీ నేను ప్రతి చిన్నదానికీ పిల్ల మీద అరిచేదాన్ని. లోపల ఏమీ నింపుకోకుండా అందరికీ వడ్డించబోతే గరిటె గిన్నెకి తగిలి చప్పుడే వస్తుంది.

ఇంకో కథ నాకు దారి చూపింది. మొదటి రాజుల గ్రంథం 17వ అధ్యాయంలో సారెపతు విధవరాలిది. కరువు. ఇంట్లో కాస్త పిండి, కాస్త నూనె. అది వండుకుని కొడుకూ తనూ తినేసి ఇక చావడమే అనుకుంటూ పుల్లలు ఏరుకుంటోంది. ఏలీయా వచ్చి ముందు నాకొక చిన్న రొట్టె చేసి తీసుకురా అంటాడు. చిన్నప్పుడు ఆదివారపు బడిలో ఈ కథ వింటే నాకు ఆ ప్రవక్త మీద కోపం వచ్చేది. ఆకలితో ఉన్న పిల్లాడి ముందు నుంచి తీసుకుంటాడా అని! ఇప్పుడు ఇల్లాలిగా చదివితే మిగతా మాట కనిపించింది. తర్వాత నీకూ నీ బిడ్డకీ చేసుకోమని కూడా ఆయనే అన్నాడు. ఆయన అడిగింది మొదటి రొట్టె, అదీ చిన్నది. మొత్తం పిండి అడగలేదు. ఆ ఇంట్లో ఆ పిల్లాడు పస్తు పడుకోలేదు. అందరూ తిన్నారు.

అప్పుడు నాకు అత్తమ్మ డబ్బా గుర్తొచ్చింది.

నేను కోడలిగా వచ్చిన మొదటి రోజు ఆవిడ నాకు నేర్పింది కూరా కాదు, చారూ కాదు. ఎసట్లో పోయడానికి బియ్యం కొలవగానే, కడగకముందే, ఒక పిడికెడు తీసి పాత హార్లిక్స్ డబ్బాలో వెయ్యడం. ఆదివారం అది చర్చికి వెళ్తుంది. అక్కడ ఇంకా లేనివాళ్ల ఇంటికి చేరుతుంది. మిజోరంలో ప్రెస్బిటేరియన్ సంఘ స్త్రీలు 1910లో ఇలాంటిదే మొదలుపెట్టారు. ప్రతిసారి వంటకి ముందు ఒక పిడికెడు బియ్యం పక్కకి తియ్యడం. వాళ్ల మాటల్లో దాని పేరు బుహ్‌ఫై థమ్. ఆ పిడికెళ్లతోనే అక్కడ సువార్త పని ఎంతో నడిచింది. అత్తమ్మకి మిజోరం ఎక్కడుందో తెలీదు. "మిగిలితే ఎడదామనుకుంటే ఎప్పుడూ మిగల్దు, ముందే తియ్యాల" అనేది, అంతే.

ఆవిడ మంచాన పడ్డాక నేను ఆ డబ్బాలో ఎండుమిరపకాయలు పోసుకున్నాను. సమాజం పనుల హడావిడిలో పిడికెడు బియ్యం ఎక్కడ గుర్తుంటుంది! దేవుడే ముందు అని ఊరంతా తిరిగినదాన్ని, మా ఇంట్లో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా జరుగుతున్న "ముందు"ని నా చేత్తోనే ఆపేశాను.

మన తెలుగులో మొదట అచ్చయిన సువార్తల అనువాదం జరిగింది మా విశాఖపట్నం తీరాన్నే. 1805లో అక్కడికి వచ్చిన లండన్ మిషన్ వాళ్లు, ఆనందరాయరు అనే తెలిసినాయన సాయంతో ఆ పని చేశారు. 1812లో సేరంపూరులో అచ్చయిన ఆ మొదటి భాగాలు మత్తయి, మార్కు, లూకా. ముందు రాజ్యాన్ని వెతకమన్న మత్తయి, కొర్బాను అని అమ్మానాన్నల్ని వదలొద్దన్న మార్కు, మార్తకి తొందర తగ్గించుకోమన్న లూకా. మూడూ మన భాషలోకి కలిసే వచ్చాయి. ఒకటి పట్టుకుని రెండోది వదిలేసింది నేనే.

ఇప్పుడు మా ఇంట్లో పెద్ద నియమాలేం లేవు. పొద్దున్న పాలగిన్నె ముట్టుకోకముందు పది నిమిషాలు వంటగది గట్టు దగ్గరే కూర్చుంటాను. ఫోను ముందుగదిలో ఉంటుంది. ఆ రోజు చెయ్యాల్సిన పనులన్నీ ఆయనకే చెప్పి, ఏది ముందో అడుగుతాను. ఒక్కోరోజు అత్తమ్మే ముందు. అలాంటి రోజు ఆవిడ ఒళ్లు తుడవడమే నా ఆరాధన, అపరాధభావం లేకుండా చేస్తాను. ఒక్కోరోజు చుట్టాల ఇంటి ఫంక్షన్ ఆదివారమే పెడతారు. ఆరాధన అయ్యాకే వస్తామని ముందుగానే చెప్తాం. మూతులు ముడుచుకుంటారు, భోజనాల వేళకి వెళ్తే మళ్లీ మామూలే.

సమాజం బాధ్యత ఇంకొకరికి అప్పగించాను. అది అన్నిటికంటే కష్టమైంది. దేవుడి పని మానుతున్నానా, నలుగురిలో వచ్చే పేరు వదులుకోలేకపోతున్నానా అని తేల్చుకోవడానికి నాకు నెల పట్టింది. ఆదివారాలు మా ఆయనా నేనూ వంతులేసుకున్నాం. ఒకరు చర్చికి, ఒకరు అత్తమ్మ దగ్గర. నెలకోసారి అయ్యగారు ఇంటికే వచ్చి ఆవిడకి ప్రభువు బల్ల ఇస్తారు. ఆ రోజు అమ్మాయి కూడా పుస్తకాలు మూసి వచ్చి నాయనమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది.

డబ్బు సంగతీ చెప్పాలి. జీతం రాగానే కానుక కవరు ముందు పక్కన పెడతాం. ఫిజియోథెరపీ, పరీక్ష ఫీజు ఒకేసారి వచ్చిన నెల ఆ కవరు పల్చబడింది. నాకు సిగ్గేసింది. "ముందే తీశాం కదా, ఎంత ఉందో ఆయనకి తెలుసు" అన్నాడు మా ఆయన.

ఇక ఆ డబ్బా. మిరపకాయలు ఖాళీ చేసి, కడిగి, ఎండలో పెట్టాను. ఘాటు పోవడానికి మూడు రోజులు పట్టింది. ఇప్పుడు రోజూ బియ్యం కొలిచి చేటలో పోసి, అత్తమ్మ మంచం దగ్గరికి తీసుకెళ్తాను. ఆవిడ ఎడం చెయ్యి పెట్టి పిడికెడు తీస్తుంది. చెయ్యి వణుకుతుంది, డబ్బాలో పడేది సగమే, మిగతా సగం దుప్పటి మీద. ఆ గింజలు ఏరి నేను డబ్బాలో వేస్తాను.

మొన్న ఒకరోజు తిరుప్పావై వినిపిస్తుండగానే చేట పట్టుకుని వెళ్లాను. అత్తమ్మ కళ్లు తెరిచి నవ్వింది.

"పక్క సూసినావా?" అంది.

"చూశాను అత్తమ్మా, పొడిగానే ఉంది."

"అయితే బేగి తే" అని ఎడం చెయ్యి చాపింది.