నిమ్మలంగ చెప్పాలట

ఈ ఎండాకాలం సెలవులకి డోర్నకల్ వెళ్ళినపుడు మా అక్క కూతురు ఫోన్లో ఏదో జపాన్ బొమ్మల సీరియల్ చూస్తూ కన్పించింది. ఇంటర్ రెండో సంవత్సరం పిల్ల. 'ఇంకా బొమ్మలేంటే నీకు?' అన్నాను. 'బొమ్మలేగాని చిన్నపిల్లలు చూసేది కాదు చిన్నమ్మా. సాహిత్యంలో డాక్టరేట్ చేసినవు గదా, ఇది మంచిదో కాదో చూసి చెప్పు' అంది. దాని గొంతులో చిన్న సవాలుంది. ఆ రాత్రి అమ్మ మంచం పక్కనే చాప పరుచుకుని నా లాప్‌టాప్‌లో మొదటి భాగం పెట్టుకున్నాం. జంక్షన్ వైపు నుంచి రైళ్ళ కూతలు విన్పిస్తున్నాయి.

దాని పేరు 'సైకో-పాస్'. జపాన్ వాళ్ళు యానిమే అనే ఈ బొమ్మల కథని ప్రొడక్షన్ ఐ.జి. సంస్థ తీసింది. 2012 అక్టోబర్ నుంచి 2013 మార్చి దాకా 22 భాగాలుగా వచ్చింది. కథకుడు గెన్ ఉరొబుచి, దర్శకుడు నవొయొషి షియొతాని. తర్వాత ఇంకొన్ని భాగాలు, సినిమాలూ వచ్చాయిగాని నేను మాట్లాడేది ఈ మొదటి 22 గురించే.

కథ 2112వ సంవత్సరంలో జరుగుతుంది. దేశాన్ని 'సిబిల్' అనే వ్యవస్థ నడుపుతుంటుంది. వీధుల్లో ఎక్కడ చూసినా మనుషుల మనసుల్ని కొలిచే యంత్రాలే. ఎవరి మనసు ఎంత కలత పడిందో, ఎవరు నేరం చేసే అవకాశం ఎంతుందో అంకెల్లో చెప్పేస్తాయి. పోలీసుల చేతిలోని తుపాకీ కూడా ఎదుటి మనిషిని కొలిచాకే పేలుతుంది. అంకె 100 దాటితే స్పృహ తప్పిస్తుంది, 300 దాటితే చంపేస్తుంది. నేరం జరగనక్కర్లేదు, సాక్ష్యం అక్కర్లేదు, కోర్టు అక్కర్లేదు. అంకె చాలు.

మొదటి భాగంలో అలా అంకె పెరిగిపోయిన ఒకడు ఒక అమ్మాయిని ఎత్తుకుపోయి అత్యాచారం చేస్తాడు. పోలీసులు వాడిని ఆమె కళ్ళముందే పేల్చేస్తారు. వాడి రక్తం ఆమె మీద చిందుతుంది. ఆమె బెదిరిపోయి అరుస్తుంది, తనని కాపాడటానికొచ్చిన వాళ్ళకే దూరంగా పారిపోతుంది. అప్పుడు తుపాకీ ఆమెని కొలుస్తుంది. ఆమె భయం, ఏడుపు, వణుకు అన్నీ కలిసి అంకె పెరిగిపోతుంది. ఆమెని కూడా చంపెయ్యమంటుంది తుపాకీ.

మా పిల్ల ఆ దృశ్యం దగ్గర ఆపింది. తను చూడటం అది రెండోసారి. 'ఆమెను ఎత్కపోయింది వాడు గదా చిన్నమ్మా, మరి ఆమెనెందుకు కాలుస్తమంటున్నరు?' అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. జవాబు తెలియక కాదు, మరీ బాగా తెలిసి.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక సాయంత్రం వరంగల్ నుంచి పాసింజర్లో ఇంటికొస్తున్నాను. మహబూబాబాద్ దాటాక పెట్టె సగం ఖాళీ అయింది. తర్వాత ఒకడు నా పక్కకొచ్చి చేసిన పని ఇక్కడ వివరంగా రాయను. అరిచాను. అవతలి సీట్లవాళ్ళు వచ్చి వాడిని పట్టుకున్నారు. రాత్రి ఎనిమిదింటికి ఒక ఆఫీసు గదిలో నేనూ, కబురందుకుని పరుగెత్తుకొచ్చిన అమ్మా, ఎదురుగా వాడూ. ఎక్కడ జరిగిందని అడిగితే గార్ల దాటాక అన్నాను. మళ్ళీ అడిగితే గుండ్రాతిమడుగు అన్నాను. నా గొంతు వణుకుతోంది, చేతులు వణుకుతున్నాయి. మాట మాటకీ ఏడుపొస్తోంది. వాడు మాత్రం చొక్కా సర్దుకుని, చేతులు కట్టుకుని, బ్యాగు పైకి పెట్టబోతే చెయ్యి తగిలిందని ఒక్క మాట తడబడకుండా చెప్పాడు. 'అతన్ని చూడమ్మా, ఎంత మర్యాదగా చెప్తున్నాడో. నువ్వేమో అరుస్తున్నావు' అన్నాడు కుర్చీలో ఉన్నాయన. అమ్మ నా వీపు నిమురుతూ చెవిలో 'నిమ్మలంగ చెప్పు బిడ్డా, నిమ్మలంగ చెప్తెనే నమ్ముతరు' అంది. నిమ్మలంగా చెప్పలేకపోయాను. కంప్లయింటు రాసుకోలేదు. వాడు మాకంటే ముందే ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ గదిలో ఏ యంత్రమూ లేదు. కాని కొలత అదే. గాయం ఎంత పెద్దదైతే అనుమానం అంత పెద్దది.

ఇది నా ఒక్కదాని కథ అయితే రాయాల్సిన పనిలేదు. 1978లో హైదరాబాద్‌లో రమీజాబీని పోలీసులు స్టేషన్లోనే చెరిచారు. రిక్షా తొక్కే ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ వాళ్ళ దెబ్బలకి చనిపోయాడు. ఊరు భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. విచారణకి వేసిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల తరఫువాళ్ళు చేసిందేమిటి? రమీజాబీ ఎలాంటి మనిషి, ఎన్ని పెళ్ళిళ్ళు చేసుకుంది, వ్యభిచారిణి అవునా కాదా అని ఆమెనే కొలవటం. కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. ఐనా కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకి బదిలీ అయి 1981లో అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. అత్యాచారానికి గురైన స్త్రీ మంచి నడవడిక కలది కాదని చూపించి ఆమె సాక్ష్యాన్ని కొట్టెయ్యడానికి దారిచ్చిన 155(4) అనే అంశం 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉండేది. దాన్ని తీసెయ్యడానికి 2002 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. నూటముప్పై ఏళ్ళు! 'సైకో-పాస్' వాళ్ళు నూరేళ్ళ తర్వాతి కథ అనుకుని చెప్పినది మనకి నూరేళ్ళ కిందటి నుంచీ ఉన్నదే.

ఆ తర్వాత వరసగా వారం రోజులు కూచుని మొత్తం చూశాం. ఈ కథలో నాకు బాగా నచ్చిందేమిటంటే వణికే మనిషిని చూపించి వదిలెయ్యలేదు, వణకని మనిషిని కూడా చూపించింది. మకిషిమా అనేవాడు హంతకుడు. చదువుకున్నవాడు, పుస్తకాలు బాగా తెలిసినవాడు, మెత్తగా మాట్లాడతాడు. అతను కథానాయిక అకానే ఎదురుగా ఆమె స్నేహితురాలి గొంతు కోస్తాడు. అకానే తుపాకీ ఎక్కుపెడుతుంది. అతని మనసు ఏ మాత్రం కలత పడట్లేదు కనుక అంకె పెరగటం మాని తగ్గుతూ తగ్గుతూ సున్నాకి వస్తుంది. తుపాకీ పేలదు. మామూలు వేట తుపాకీతో కాల్చబోతే అకానే చేతులు వణుకుతాయి, గుండు పక్కకి పోతుంది. మనుషుల్ని చంపటం ఎవరికి మామూలు పనో వాళ్ళే ఆ వ్యవస్థ కళ్ళకి నిర్మలంగా కన్పిస్తారన్నమాట. ఆ భాగం చూస్తుంటే నాకు చొక్కా సర్దుకుని చేతులు కట్టుకున్న ఆ మనిషే గుర్తొచ్చాడు.

సిబిల్ అంటే పాతకాలపు గ్రీకుల్లో జోస్యం చెప్పే స్త్రీ. పేరు ఆడది. తుపాకీలోంచి పలికే గొంతూ ఆడదే. పోలీసుశాఖకి పై అధికారి కూడా చూపుకి ఒక పెద్దావిడే. ఐతే లోపల ఉన్నదేమిటో చివర్లో బయటపడుతుంది. ఈ కొలతకి అందని మనుషుల మెదళ్ళు అవి. అంటే కలత పడకుండా నేరం చెయ్యగలిగిన వాళ్ళవే. వాళ్ళలో ఒకడు ఒక ఆడపిల్లల బడిలో పంతులుగా ఉంటూ హత్యలు చేసినవాడు. ఆడపిల్లల మనసు కలతపడిందా లేదా అని తీర్పు చెప్పేది ఇప్పుడు వాడే, ఆడగొంతుతో! న్యాయస్థానాల్లో ఆడవాళ్ళు కూడా ఉన్నారుగా, ఇంకేం కావాలని అడిగేవాళ్ళకి ఇంతకంటే మంచి జవాబు నేను చదివిన విమర్శ పుస్తకాల్లో లేదు.

ఇదంతా ఊహేననీ అనుకోలేం. 2008లో పుణె సెషన్స్ కోర్టు ఒక యువతిని హత్య కేసులో శిక్షిస్తూ ఆమె మెదడు స్పందనల్ని నమోదు చేసిన పరీక్షని కూడా సాక్ష్యంగా తీసుకుంది. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఇష్టం లేకుండా నార్కో, పాలిగ్రాఫ్, మెదడు పరీక్షలు చెయ్యటం రాజ్యాంగ విరుద్ధమని చెప్పబట్టి కొంత నయం. మనసుని కొలిచే యంత్రం దొరికితే దాన్ని ముందు ఎవరి తలకి తగిలిస్తారో మనకి తెలియదా?

ఇంత మెచ్చుకున్నాక లోపాలు కూడా చెప్పాలి. మొదటి భాగంలోని ఆ అమ్మాయిని ఏమన్నారు? పెట్రోలు మడుగులో లైటరు పట్టుకుని నిలబడ్డ ఆమెతో అకానే మాట్లాడుతుంది. ఆమె నెమ్మదిస్తుంది, అంకె దిగుతుంది. ఆమెని కాల్చబోయిన తోటి మనిషి కొగామిని అకానే తన తుపాకీతో పడేస్తుంది. అద్భుతమైన సన్నివేశం. ఐతే ఆ తర్వాత కథ ఆమె వైపు తిరిగి చూడదు. కొగామి, మకిషిమా అనే ఇద్దరు మగవాళ్ళ వేటగా మారిపోతుంది. అకానే స్నేహితురాలు చావటానికే కథలోకి వచ్చినట్టుంది. పైన చెప్పిన ఆడపిల్లల బడిలోనే రికాకో అనే విద్యార్థిని తోటి పిల్లల్ని చంపి వాళ్ళ శరీరాలతో బొమ్మలు చేసి నిలబెడుతుంది. కెమెరా ఆ శరీరాల చుట్టూ తిరిగినంతసేపు ఆ పిల్లల బతుకుల చుట్టూ తిరగలేదు. అక్కడ షేక్స్‌పియర్ నాటకం 'టైటస్ ఆండ్రోనికస్' ప్రస్తావన వస్తుంది. అందులో లావీనియాని చెరిచి, ఎవరికీ చెప్పకుండా నాలుక కోసి, రాయకుండా చేతులు నరుకుతారు. ఆమె నోటితో కర్ర పట్టుకుని ఇసుకలో వాళ్ళ పేర్లు రాస్తుంది. శరీరాన్ని ముక్కలు చెయ్యటం ఈ సీరియల్ ఆ నాటకం నుంచి తెచ్చుకుంది. ఇసుకలో రాయటం మాత్రం అక్కడే వదిలేసింది.

ఇది నేను పట్టుకున్న లోపం. అంతకంటే పెద్దది మా పిల్ల పట్టుకుంది. స్నేహితురాలి హత్య ఎలా జరిగిందో, హంతకుడి ముఖం ఎలా ఉంటుందో తెలుసుకోవటానికి అకానే జ్ఞాపకాన్ని యంత్రంతో మళ్ళీ తోడతారు. ఆమె ఆ నరకాన్ని ఇంకోసారి అనుభవిస్తుంది. ఐనా కాసేపటికే ఆమె అంకె మామూలుకొచ్చేస్తుంది. అందరూ ఆశ్చర్యపోతారు, గౌరవిస్తారు. 'అకానే అంటే నాకిష్టమే చిన్నమ్మా. కాని ఆమె ఎన్నడు ఖరాబు కాదు. ఖరాబు కాదు కాబట్టే హీరోయిన్ అయింది. మొదటి దాంట్ల ఏడ్సినామె హీరోయిన్ ఎందుకు కాలే?' అంది.

నేను పరిశోధనలో నేర్చుకున్న పరిభాషంతా ఆ ఒక్క ప్రశ్న ముందు చిన్నదైపోయింది. సిబిల్ కొలత తప్పని 22 భాగాలు చెప్పి, చివరికి ఆ కొలతలో మొదటి మార్కు వచ్చిన అమ్మాయినే మనకి ఆదర్శంగా నిలబెట్టింది కథ. నిజం తెలిశాక కూడా ఆ వ్యవస్థ ఒక్కసారిగా కూలితే జనం ఏమవుతారోనని అకానే దాన్ని కొనసాగనిస్తుంది. ఏదో ఒకరోజు మనుషులే దాన్ని ఆపేస్తారని నమ్ముతుంది. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఎందుకంటే నేనూ అదే చేశాను. ఆ పాసింజర్ రాత్రి తర్వాత నిమ్మలంగా మాట్లాడటం నేర్చుకున్నాను. సెమినార్లలో, ఇంటర్వ్యూల్లో, నా సిద్ధాంత గ్రంథం మీద జరిగిన మౌఖిక పరీక్షలో నా గొంతు ఒక్కసారి కూడా వణకలేదు. అందరూ మెచ్చుకున్నారు. నా దగ్గరికి ఏడుస్తూ వచ్చిన విద్యార్థినులకి నేనే ఎన్నోసార్లు మంచినీళ్ళిచ్చి 'ముందు నెమ్మదించు, తర్వాత చెప్పు' అన్నాను. అమ్మ అన్న మాటే. అమ్మ ప్రేమతో అంది, లోకం కొలత తెలిసి అంది. నేనూ అంతే. కాని ఆ మాటతో కొలతనే కాపాడుతూ వచ్చామని అప్పుడు తట్టలేదు.

కనుక మా పిల్ల అడిగిన దానికి నా తీర్పు ఇది. 'సైకో-పాస్' చూడదగ్గది. బాధితురాలి భయాన్ని నేరంగా, నేరస్థుడి స్థిమితాన్ని నిర్దోషిత్వంగా లెక్కగట్టే లోకాన్ని ఇంత స్పష్టంగా చూపించిన కథలు తక్కువ. కాని ఏడ్చిన ఆమెని నమ్మే ధైర్యం దానికి మొదటి భాగం దాకే ఉంది.

ఇది తనకి చెప్పినపుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత దుప్పటి అంచు మెలిపెడుతూ, 'మా కాలేజి బస్సుల ఒకటయింది చిన్నమ్మా' అని మొదలుపెట్టింది. రెండో వాక్యానికే గొంతు పోయింది. తారీకులు కలవట్లేదు. ముందుది వెనక, వెనకది ముందు చెప్తోంది. ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి లాప్‌టాప్ మూశాను. అమ్మ మంచం మీంచి లేచి వచ్చి చాప మీద మా పక్కన కూచుంది. ముగ్గురిలో ఎవరం నిమ్మలంగా లేము.

తెల్లారి ఫిర్యాదు నేను రాసిస్తానంటే వద్దని తనే రాసింది. ఒక పేజీ. మూడుచోట్ల కొట్టివేతలు, ఒకచోట తడికి అలుక్కుపోయిన అక్షరాలు. 'మళ్ళ మంచిగ రాయాల్నా?' అని అడిగింది.

వద్దన్నాను. ఆ కాగితమే తీసుకుని ముగ్గురం బయల్దేరాం.