కొత్తగూడలో పాత కారు

అద్దెకు తిరిగిన బండి కొనొచ్చా? హైటెక్ సిటీ పక్క వీధుల్లో తిరిగి తెలుసుకున్న సంగతులు

గచ్చిబౌలి నుంచి మియాపూర్ వెళ్లే దారిలో బొటానికల్ గార్డెన్ దాటగానే వచ్చే చౌరస్తాయే కొత్తగూడ. గూడ అంటే చిన్న పల్లె. ఆ పల్లె ఇప్పుడు ఎక్కడుందో వెతుక్కోవాలి గానీ పేరు మాత్రం నిలిచింది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి పక్కనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల రాళ్ల గుట్టలన్నీ అద్దాల మేడలైపోయాయి. మేడల వెనకాలే హాస్టళ్లు, హాస్టళ్ల వెనకాలే టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు! అన్నం ఒక్కటి ఇంట్లో వండుకుంటే చాలు, మిగతావన్నీ వీధి చివర దొరుకుతాయి.

చౌరస్తా మీద ట్రాఫిక్ చూసి భయపడేవాళ్లకి 2023 జనవరి 1న తెరిచిన ఫ్లైఓవర్ కాస్త ఊరట. ఇంకో ఊరట బొటానికల్ గార్డెన్. 270 ఎకరాలకు పైగా ఉన్న పచ్చదనం. పొద్దున్నే ఆడవాళ్లు చీర మీదే బూట్లు తొడుక్కుని చకచకా నడిచిపోతుంటే చూడముచ్చటగా ఉంటుంది.

సాయంత్రమయ్యేసరికి ఇదే ఊరు ఇంకోలా ఉంటుంది. ఆఫీసుల గేట్ల ముందు క్యాబులు బారులు తీరతాయి. రాత్రి షిఫ్టు వాళ్లని దింపడానికి, ఎక్కించుకోవడానికి తెల్లవార్లూ తిరిగే బండ్లు అవి. ఈ ప్రాంతం నడిచేది కంప్యూటర్ల మీదే కాదండీ, ఈ కార్ల చక్రాల మీద కూడా! అలా తిరిగి తిరిగి అలిసిన కార్లు ఆఖరికి ఏమవుతాయి? కొన్ని రంగు మార్చుకుని, పలక మార్చుకుని మనలాంటి సంసారుల వాకిట్లోకి వస్తాయి.

కొత్తగూడలో అద్దెకుంటున్న మా చెల్లెలు కారు కొనాలనుకుంది. వాళ్ల అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఆటో ఎక్కలేరు. పిల్లలిద్దరి స్కూళ్లు చెరో దిక్కు. చేతిలో ఉన్నది చీటీ పాడగా వచ్చిన మూడున్నర లక్షలు. నెలనెలా కూరగాయల ఖర్చులోంచి కూడా మిగిల్చి కట్టిన చీటీ అది. పోతే మళ్లీ రాదు. అందుకే మా మరిది, ‘‘వదినా, మీరూ రండి. బేరం దగ్గర మీరుంటే మాకు ధైర్యం’’ అన్నాడు. మూడు రోజులు ఆ వీధులన్నీ తిరిగాం.

పలక రంగులో ఉంది గుట్టు

ముందుగా నంబరు పలకల సంగతి. తెల్ల పలక మీద నల్ల అక్షరాలుంటే సొంత వాడకం బండి. పసుపు పలక మీద నల్ల అక్షరాలుంటే టాక్సీ. నల్ల పలక మీద పసుపు అక్షరాలుంటే డ్రైవరు లేకుండా మనమే నడుపుకునే అద్దె కారు, అంటే సెల్ఫ్ డ్రైవ్. దీనికి 1989 నాటి కేంద్ర ప్రభుత్వ పథకం ఒకటుంది. దాని ప్రకారం లైసెన్సు కావాలంటే కనీసం 50 కార్లుండాలి.

మరి ఒకటీ రెండూ కార్లున్నవాళ్లు కూడా అద్దెకిస్తున్నారే అంటారా? అక్కడే ఉంది తిరకాసు. తెల్ల పలక ఉన్న సొంత కారునే రోజుకింతని అద్దెకి తిప్పేవాళ్లున్నారు. అది నిబంధనలకు విరుద్ధం, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ డబ్బివ్వనని చెప్పొచ్చు. మనకి ఇంకో చిక్కు ఏమిటంటే, అలాంటి కారు అద్దెకు తిరిగినట్టు ఏ కాగితం మీదా ఉండదు. పసుపు పలక బండి గతం కాగితాల్లో కనిపిస్తుంది. దొంగచాటుగా తిరిగిన తెల్ల పలక బండి గతాన్ని కళ్లతోనే పసిగట్టాలి.

ఎవరి చేతిలో తిరిగింది?

అద్దె కార్లన్నీ ఒక్కటి కావు. సొంతంగా కొనుక్కుని తనే నడుపుకునే డ్రైవరుకి ఆ కారే అన్నం పెట్టే తల్లి. అది ఒక్కరోజు మూలపడితే ఆ రోజు సంపాదన పోతుంది. కాబట్టి ఆయిలు మార్చడం మరిచిపోడు. పైగా ఇంజను వేడెక్కాక ఏకధాటిగా తిరిగే బండికి అరుగుదల తక్కువ. వీధి చివరి కొట్టుదాకా వెళ్లి ఆపేసే బండికే కిలోమీటరుకి ఎక్కువ అరుగుదల.

ఒకే కారుని పగలొకరు, రాత్రొకరు జీతానికి నడిపితే అంత శ్రద్ధ ఉండదు. ఇక సెల్ఫ్ డ్రైవ్ కారు పదిమంది చేతుల్లో పడ్డ గరిటె లాంటిది. శని, ఆదివారాలు కుర్రకారు అనంతగిరికో, శ్రీశైలం ఘాటుకో తోలుకెళ్తారు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు క్లచ్ మీద కాలు తియ్యరు. కారులు తక్కువ కిలోమీటర్లే తిరిగి ఉండొచ్చు, కానీ క్లచ్చి, గేర్లు, చక్రాల కింది భాగాలు ముందే అరిగిపోయి ఉంటాయి.

అమెరికాలో ఉన్న మన పిల్లల్ని అడగండి, అద్దె కంపెనీ కారు కొనడం అక్కడ వింతేమీ కాదంటారు. హెర్ట్జ్, ఎంటర్‌ప్రైజ్ లాంటి కంపెనీలు తాము తిప్పిన కార్లని తామే బాహాటంగా అమ్ముతాయి. బండి నంబరు కొడితే గతం తెలిపే చిట్టా కూడా డబ్బు కడితే దొరుకుతుంది. అక్కడ అద్దెకు తిరగడం దాచే విషయం కాదు. ఇక్కడ దాచిపెట్టి అమ్మితేనే మనకి నష్టం.

పైన పటారం...

మొదట చూసిన కారు వెండి రంగుది. తళతళా మెరిసిపోతోంది! అమ్మే అతను, ‘‘సింగిల్ ఓనర్ మేడం, డాక్టరు గారి బండి, 62 వేలే తిరిగింది’’ అన్నాడు. ధర 4 లక్షల 10 వేలు. చెల్లెలు అప్పుడే ముందు సీట్లో కూర్చుని మురిసిపోతోంది. నేను మాత్రం సంతలో వంకాయ తిప్పి చూసినట్టు చూడటం మొదలుపెట్టాను.

బ్రేకు పెడల్ మీది రబ్బరు నున్నగా అరిగింది. స్టీరింగ్‌కి కొత్త తొడుగేశారు, అంచు తప్పించి చూస్తే కింద తోలు పెచ్చులూడింది. డ్రైవరు సీటు ఒక పక్కకి కుంగింది. వెనక సీటు కూడా ఎంతోమంది కూర్చున్నట్టు మెత్తబడింది. డాక్టరు గారొక్కరే తిరిగితే వెనక సీటెందుకు కుంగుతుంది చెప్పండి? ఎండకు నిలబెట్టి ఏటవాలుగా చూస్తే తలుపు మీద స్టిక్కరు పీకిన మచ్చ. మా వెంట వచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తి, ‘‘ఇదుగోనమ్మా, స్పీడ్ గవర్నరు బిగించిన క్లాంపు’’ అని చూపించాడు. టాక్సీలు గంటకి 80 కిలోమీటర్లు దాటకుండా బిగించే పరికరం అది. తీసేసినా తీగల తోకలు, మరల గుర్తులు మిగిలిపోతాయి.

పాత ఇన్సూరెన్సు కాగితం చూపించమంటే అతను, ‘‘ఆఫీసులో ఉంది’’ అన్నాడు. సర్వీసు పుస్తకం అడిగితే, ‘‘పోయింది’’ అన్నాడు. బయటి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తామంటే మొహం మాడ్చుకున్నాడు. అడ్వాన్సు ఇవ్వకముందే ఇన్ని దాపరికాలుంటే ఇచ్చాక ఎన్నుంటాయో! నమస్కారం పెట్టి వచ్చేశాం.

ఒక లెక్క గుర్తు పెట్టుకోండి. రోజుకి 200 కిలోమీటర్ల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగిన క్యాబ్ 60 వేలు తిరుగుతుంది. నాలుగేళ్లకి 2 లక్షల 40 వేలు! మీటరు వెనక్కి తిప్పడం పెద్ద విద్య కాదు. పెడళ్లు, సీట్లు మాత్రం వెనక్కి తిరగవు. సీటు బెల్టు చీటీ మీద తయారైన తేదీ ఉంటుంది. టైరు మీది నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఇవి కారు వయసుతో సరిపోతున్నాయో లేదో చూడండి.

కాగితాలే జాతకం

మూడో రోజు చూసిన కారు ఒక క్యాబ్ డ్రైవరుది. 2019లో రిజిస్టరైన పెట్రోలు బండి. మీటరు మీద లక్షా 90 వేలు! చెల్లెలు గుండె గుభేలుమంది. అతను మాత్రం దాచలేదు. ‘‘నేనే తోలిన అమ్మా, వేరేటోనికి ఇయ్యలే. ఆఫీసు డ్యూటీలే జేసిన’’ అన్నాడు. ఇంతలో వాళ్లావిడ లోపలినుంచి చీరల షాపు సంచీ ఒకటి తెచ్చింది. అయిదేళ్ల సర్వీసు బిల్లులు, ఇన్సూరెన్సు కాగితాలు, అప్పు తీరినట్టు ఫైనాన్సు కంపెనీ ఇచ్చిన ఉత్తరం... అన్నీ తేదీల వారీగా పిన్ను కొట్టి ఉన్నాయి. ‘‘ఈయనకి ఇవ్వన్నీ పట్టయి, నేనే దాస్త’’ అంది నవ్వుతూ. ఆ సంచీ చూశాక మీటరు మీది అంకె మమ్మల్ని అంతగా భయపెట్టలేదు.

ఇలాంటి బండి కొనేముందు తప్పకుండా చూడాల్సినవి ఇవి:

* ఆర్సీలో వాహనం తరగతి. టాక్సీ అయితే మోటార్ క్యాబ్ అని, సొంతానిదైతే మోటార్ కార్ అని ఉంటుంది.

* టాక్సీని సొంత వాడకానికి మార్చాలంటే పర్మిట్ వాపసు చెయ్యాలి, పన్ను బకాయిలు, తేడా కట్టాలి, ఆర్టీఏ వాళ్లు బండిని తనిఖీ చెయ్యాలి. ఈ పనంతా అమ్మేవారి పేరు మీదే పూర్తయ్యాకే పూర్తి డబ్బివ్వండి. ‘‘మీరే చేయించుకోండి, పదివేలు తగ్గిస్తా’’ అంటే ఒప్పుకోవద్దు. ఎంత పన్ను పడుతుందో ముందే ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోండి.

* అప్పు మీద కొన్న బండైతే ఫైనాన్సు కంపెనీ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 35 ఉండాలి. అమ్మకానికి ఫారం 29, 30 మీద సంతకాలు కావాలి.

* ఆర్సీలోని పేరు, అమ్మే మనిషి గుర్తింపు కార్డు, బండి మీది ఛాసిస్ నంబరు మూడూ సరిపోవాలి. అద్దెకు తీసుకున్న కారుని దొంగ కాగితాలతో అమ్మేసిన కేసులు మన నగరంలోనే ఉన్నాయి.

* చలానాలు బాకీ ఉన్నాయేమో పోలీసు వెబ్‌సైటులో నంబరు కొట్టి చూడండి.

* గ్యాస్ కిట్టుంటే అది ఆర్సీలో నమోదై ఉండాలి. సీఎన్‌జీ సిలిండరుకి మూడేళ్లకోసారి పరీక్ష చేయించిన పత్రం కూడా అడగండి.

* బండి చేతులు మారిన 14 రోజుల్లోగా ఇన్సూరెన్సు మన పేరుకి మార్చమని దరఖాస్తు చెయ్యాలి. పాత యజమానికున్న నో క్లెయిమ్ బోనస్ మనకి రాదు.

తూకం వేస్తే

అదే సంవత్సరం, అదే రకం సొంత వాడకం బండి ఆ వీధుల్లో 4 లక్షల 60 వేలు చెప్పారు. ఈ డ్రైవరు చెప్పింది 3 లక్షల 10 వేలు. మెకానిక్ బండి కింద దూరి చూసి, క్లచ్చి, టైర్లు, చక్రాల కింది సామాను, బ్యాటరీ కలిపి 55 వేలు పెట్టుకోవాలన్నాడు. ఆ చీటీ ముందు పెట్టుకునే బేరమాడాం. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తవే చవకైనప్పుడు పాతవి పాత ధరకెలా అమ్ముతారు? ఈ మాట మీరూ బేరంలో వాడండి. చివరికి 2 లక్షల 75 వేలకి తెగింది. పర్మిట్ మార్పు ఖర్చు అతనిదే. రిపేర్లకు పోగా చెల్లెలు చేతిలో ఇంకో 20 వేలు మిగిలాయి.

‘‘అంత తిరిగిన బండి ఎన్నాళ్లొస్తుందక్కా?’’ అంది. ఆ మాట ఎవరూ చెప్పలేరు. కానీ వాళ్లింటి వాడకం ఏడాదికి 8 వేల కిలోమీటర్లు దాటదు. క్యాబ్‌గా రెండు నెలల్లోపే తిరిగే దూరమది! నాలుగేళ్లు నడిస్తే పెట్టిన డబ్బుకి న్యాయం జరిగినట్టే. ఆ తర్వాత అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఉండనే ఉంది. మనకి ధర తగ్గించిన ఆ పాత గతమే, రేపు మనం అమ్మేటప్పుడూ ధర తగ్గిస్తుంది. అది ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి.

కాబట్టి పదేళ్లు ఒకే కారు వాడాలనుకునేవాళ్లూ, కొన్నాక రిపేర్లకి చేతిలో 50 వేలైనా మిగలనివాళ్లూ, నమ్మకమైన మెకానిక్ లేనివాళ్లూ అద్దెకు తిరిగిన బండి జోలికి పోవద్దు. సెల్ఫ్ డ్రైవ్ కారైతే ఇంకా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. తక్కువ డబ్బుతో, తక్కువ తిరుగుడికి కావాలనుకునే ఇంటికి మాత్రం సొంతంగా నడుపుకున్న డ్రైవరు బండి మంచి బేరమే, గతం చెప్పి అమ్మితే, ఆ గతానికి తగ్గ ధరకి అమ్మితే.

కారు బేరం మగవాళ్ల పని అని వంటింట్లోనే ఉండిపోకండి. ఇంజను సంగతి మెకానిక్ చూసుకుంటాడు. కుంగిన సీటు, అరిగిన రబ్బరు, తడబడే మాట కనిపెట్టడానికి మన కళ్లు చాలు. ముందుగా మాత్రం ఆ బిల్లుల సంచీ అడగండి. అది లేని ఇంట్లో కారు ఎంత మెరిసినా వెనక్కి వచ్చెయ్యండి.