అష్టావక్రుని సభాప్రవేశం

మసక వెలుతురులో త్రాడు పామై భాసించడాన్ని వేదాంతులు అధ్యాసకు దృష్టాంతంగా చెబుతారు. పెద్దల చేతిలో హింస అనుభవించిన బాలుడు క్రొత్తవారి మధ్య అడుగుపెట్టినప్పుడు ఈ భ్రాంతి ఇరువైపులా ప్రవర్తిస్తుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు సేత్ పోలాక్ 2002లో ప్రకటించిన పరిశోధనలో, కోపమూ భయమూ వేర్వేరు పాళ్ళలో కలిపిన ముఖచిత్రాలను పిల్లలకు చూపారు. శారీరక హింసకు గురైన పిల్లలు తక్కినవారికంటె ఎక్కువ చిత్రాలలో కోపాన్నే గుర్తించారు. అది వారి దోషం కాదు. అపాయాన్ని ముందుగా పసిగట్టడానికి ఏర్పడిన సంస్కారం. కాని పేరు పిలిస్తేనే ఉలిక్కిపడి, చూపు తిప్పుకొనే బాలుని తరగతిలో తక్కినవారు పొగరుబోతనో, మొద్దనో క్షణంలో నిర్ణయిస్తారు. అప్పుడు త్రాడును పాముగా చూసేవారు ఇరువురు.

మహాభారతం అరణ్యపర్వంలోని అష్టావక్రుని కథ ఇక్కడ మననీయం. గర్భస్థుడై ఉండి తన అధ్యయనంలో దోషం చూపినందుకు, శిష్యుల మధ్య అవమానం పొందిన తండ్రి కహోడుడు ఎనిమిది వంకరలతో జన్మించమని శపించాడు. పన్నెండవ యేట, తాత ఉద్దాలకుని ఒడిలో కూర్చున్న అతనిని మేనమామ శ్వేతకేతువు చేయిపట్టి లాగి, ఇది నీ తండ్రి ఒడి కాదన్నాడు. జనకుని యజ్ఞశాల ముంగిట ద్వారపాలకుడు బాలురకు ప్రవేశం లేదని అడ్డగించాడు.

జనకుడూ తొలుత సందేహించాడు. అయినా ఆ సందేహాన్నే తీర్పుగా చేసుకొనక ప్రశ్నలడిగాడు, సమాధానాలు విన్నాడు, లోనికి రానిచ్చాడు. బాలుడు వందిని వాదంలో జయించాడు. పూర్వం అదే వాదంలో ఓడి నీట ముంచబడిన తండ్రిని తిరిగి పొందాడు. ఆ తండ్రి ఆజ్ఞతో సమంగానదిలో దిగి, అవయవాల వంకరలు పోగొట్టుకొన్నాడు.

ఈ క్రమం గమనార్హం. సభ ఆదరించిన నాటికి అతని దేహం ఇంకా వక్రంగానే ఉన్నది. లోకం మాత్రం గాయపడిన పిల్లవానిని ముందు చక్కబడి రమ్మంటుంది, పిదప చేరదీస్తానంటుంది. భయంతో పెరిగినవానికి ఆ భయం తీరే చోటు మనుషుల నడుమనే గదా! ఆ చోటే మూసివేస్తే అతడు ఎక్కడ చక్కబడగలడు?

త్రాడును త్రాడుగా చూపేది దీపం. చీకటిలో పెరిగిన బాలుడు దానిని వెంట తీసుకొని రాలేడు. తొలిచూపులో కలిగిన అభిప్రాయాన్ని కొన్నాళ్ళు పక్కన ఉంచి, అతనిని మరొక మాట అడిగి, సమాధానం వచ్చేవరకు ఓపికపట్టడం సభలో ముందే ఆసీనులైనవారి ధర్మం.