నోట నిలిచిన గ్రంథం

రే బ్రాడ్‌బరీ 1953లో వెలువరించిన ‘ఫారెన్‌హీట్ 451’ నవలలో అగ్నిమాపక దళంవారు మంటలార్పరు, పుస్తకాలను తగులబెడతారు. నన్ను కలచివేసినది ఆ మంట కాదు, దళనాయకుడు బీటీ పలుకు: ఇది ప్రభుత్వంతో మొదలు కాలేదట, జనులే ముందుగా చదవడం మానుకున్నారట. నవల చివర నగరం వెలుపల కొందరు తలా ఒక గ్రంథాన్ని ధారణలో నిలుపుకొని, బిడ్డలకు నోటిమాటగా అందించాలని ఎదురుచూస్తుంటారు.

ధారణ అవధానుల జాతికి కొత్త విద్య కాదు. తెలుగు పండితునిగా నేనూ తరగతిలో పోతన పద్యాలు వల్లె వేయించినవాడనే. నేడు మా ఇంట భాగవతం బీరువాలో భద్రంగా ఉన్నది. దానిని తగులబెట్టేవారు లేరు. నేను తప్ప తెరిచేవారూ లేరు. నా జ్ఞాపకమో, ఏటేటా సడలుతున్నది. అందుచేత, మిత్రులారా, సాయంవేళ మా అరుగుపై ఒక్క పిల్లవాడు కూర్చున్నా చాలునని, రోజుకొక పద్యం చెబుతున్నాను.