నేల ఖాళీ అయ్యేదాకా

హ్యూస్టన్‌లో ఉంటూ క్విల్ట్‌లు కుడతానంటే మనవాళ్ళకి ముందు నవ్వొస్తుంది. ఏడాదిలో ముప్పాతిక భాగం ఏసీ ఆడే ఊళ్ళో పొరల దుప్పట్లెందుకని. ఆ తర్వాత అడిగేది, ఉద్యోగం, పిల్లలు, వంటల మధ్య నీకు టైమెక్కడిదని. మొదటిదానికి నా దగ్గర పెద్దగా జవాబు లేదు. రెండోదానికి ఉంది. ఇది తీరుబడి ఉన్నవాళ్ళే చేసుకోవాల్సిన పని కాదు.

లాగ్ క్యాబిన్ బ్లాకునే తీసుకోండి. మధ్యలో ఒక చిన్న చదరం, పాతకాలం పద్ధతిలో అయితే ఎర్రది. దాని చుట్టూ ఒక్కో పట్టీ వేసుకుంటూ పోవడమే. ఒక కుట్టు, ఒక ఇస్త్రీ. ఎక్కడ వదిలేసినా చెడిపోయేదేం లేదు. పులుసు మరిగేలోపు ఒక పట్టీ, పాపని ఈత క్లాసుకి తీసుకెళ్ళబోయే ముందు ఇంకోటి. అంచున వదిలే గుడ్డ పావంగుళం దాటకుండా, తగ్గకుండా చూసుకుంటే చాలు, ఇవాళ్టి బ్లాకూ పోయిన సంక్రాంతినాటి బ్లాకూ చక్కగా కలుస్తాయి. ముక్కలు కోయడం మాత్రం ఆదివారం ఒక్కసారే. 1979లో ఓల్ఫా అనే జపాను కంపెనీ రోటరీ కట్టర్ తెచ్చింది. చక్రంలాంటి ఆ బ్లేడుకి నాలుగు పొరలు ఒక్క ఊపులో తెగుతాయి. కత్తెరతో అయితే నేను ఈ పనికి దిగేదాన్నే కాదు.

మా వంటిల్లూ భోజనాల బల్లా ఒకే హాల్లో ఉంటాయి. మిషను ఆ బల్లమీదే. పోపు పెట్టేముందు గుడ్డల డబ్బాలన్నిటికీ మూతలు పడాలి. ఇంగువ వాసన కాటన్‌కి ఇట్టే పడుతుంది, వదలడానికి మాత్రం రెండు ఉతుకులు కావాలి. శనివారం ఎవరైనా భోజనానికొస్తున్నారంటే మిషను అలమరలోకి, దారపు పోగులు వాక్యూమ్‌లోకి. ఇవన్నీ అలవాటైపోయాయి.

చిక్కంతా ఆ తర్వాత. బ్లాకులన్నీ కలిపి పైగుడ్డ పూర్తయ్యాక అడుగు గుడ్డ నేలమీద పరిచి, దానిమీద బ్యాటింగు అనే దూది పొర, ఆపైన పైగుడ్డ వేసి, ముడత లేకుండా లాగి, మూడింటినీ కలిపి బెత్తెడు దూరానికొక సేఫ్టీ పిన్ను గుచ్చుకుంటూ రావాలి. దీన్ని ముక్కలుగా చేసుకోలేం. నేలంతా ఖాళీ ఉండాలి, మధ్యాహ్నమంతా మనదై ఉండాలి, మోకాళ్ళు మాట వినాలి. మూడూ ఒకేరోజు కుదరవు. అందుకే మా ఇంట్లో ఆగిపోయినవన్నీ సరిగ్గా అక్కడే ఆగాయి. మూడు పొరల్నీ కలిపి కుట్టే పెద్ద లాంగార్మ్ మిషనున్నవాళ్ళకి డబ్బిచ్చి కుట్టించుకోవచ్చు. అది మోసమేం కాదు. కాకపోతే ఒక్కోసారి ఆ ఖర్చు గుడ్డ ఖర్చుని మించుతుంది.

2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టి కరెంటు పోయినప్పుడు ఇంట్లో నోట్లోంచి ఆవిరి కనిపించింది. పూర్తయిన క్విల్ట్‌లన్నీ పిల్లలమీదికెక్కాయి. పైగుడ్డలు మాత్రం ఎంత అందంగా ఉన్నా ఎవరికీ అక్కరకి రాలేదు.

ఆ చలిలోనే నాకు జీస్ బెండ్ ఆడవాళ్ళు గుర్తొచ్చారు. అలబామా నది వంపులో నల్లజాతివాళ్ళ ఊరది. పగలంతా పొలం పని చేసి, చిరిగిన పని బట్టల్లోంచి ఆ ఇల్లాళ్ళు దుప్పట్లు కుట్టుకున్నారు. 2002లో ఆ క్విల్ట్‌లు మొదట మా హ్యూస్టన్ మ్యూజియంలోనూ, తర్వాత న్యూయార్కు విట్నీ మ్యూజియంలోనూ గోడకెక్కాయి. 2006లో తపాలా బిళ్ళలయ్యాయి. వాళ్ళలో లొరెట్టా పెట్వే తనకసలు కుట్టడమే ఇష్టం లేదని చెప్పుకుంది. ఇంట్లో చలి ఆగక కుట్టింది. నాది వట్టి సరదా. నా క్విల్ట్ ఏడాది ఆలస్యమైతే వణికేవాళ్ళు లేరు, ఆ ఒక్క వారం తప్ప. ఆగిపోయినవాటిని చూసి గిల్టీగా ఫీలవడం అందుకే మానేశాను.

వాటిని కదిలించింది మా అత్తగారు. తెనాలినుంచి ఆరునెలలకని వచ్చారు. ఇంటి దగ్గర పాత చీరలు మడతలు వేసి, మధ్యలో దూదీ గీదీ లేకుండా బొంతలు కుట్టిన చెయ్యి ఆవిడది. నా పిన్నుల డబ్బా చూసి, “ఇయ్యన్నీ గుచ్చేదెప్పుడు, తీసేదెప్పుడమ్మాయ్?” అన్నారు. పెద్దసూదికి తెల్లదారం ఎక్కించి, మూడు పొరలమీదే బాసింపట్టు వేసుక్కూర్చుని, బారెడు బారెడు కచ్చాకుట్లు వేసుకుంటూ జరిగారు. నేను ఆఫీసు మీటింగుల్లో ఉండగానే ఒక్కోటీ లేచి మిషను దగ్గరికొచ్చింది.

ఇక్కడ ఏటా జరిగే అంతర్జాతీయ క్విల్ట్ ఫెస్టివల్ ఎక్కువగా అక్టోబరు చివరో నవంబరు మొదట్లోనో వస్తుంది. కొన్నేళ్ళు దీపావళి వారంలోనే పడి, అరిసెల పిండికీ టికెట్లకీ పోటీ పెడుతుంది. ఆ ఏడాది ఆవిడనీ తీసుకెళ్ళాను. అక్కడ మనం క్విల్ట్‌లు ముట్టుకోకూడదు. తెల్ల గ్లవ్స్ వేసుకున్న ఆడవాళ్ళుంటారు, అడిగితే అంచు తిప్పి వెనకవైపు చూపిస్తారు. అత్తయ్య ప్రతిదానికీ అడిగించారు. రిబ్బను వచ్చిన ఒకదాని ముందు చాలాసేపు నిలబడి, “ముళ్ళు కనపడనీలా. ఇది పని,” అన్నారు. ముందువైపు రంగుల గురించి ఒక్క మాట లేదు.

ఈ ఏడు మళ్ళీ వస్తున్నారు. పైగుడ్డలు సిద్ధంగానే ఉన్నాయి. సోఫా జరపడానికి మా ఆయన నడుం ఒప్పుకోవాలి.