సూదిమందుతో సిక్సర్ పోతుందా?



ఈ సంచికకు కవితలు, జ్ఞాపకాలు, విజయగాథలు చాలా వచ్చాయని సంపాదకవర్గం చెప్పింది. మేము మాత్రం మా గదిలో మొదలై, మెస్సు దాకా పాకి, చాలా రాత్రులు మా చదువు పాడుచేసిన ఒక వాదన గురించి రాస్తున్నాము. మందు వేసుకుంటే బంతి దూరం పోతుందా, పోదా? మందు అంటే మీరనుకునే మందు కాదు. కండ పెరగడానికి, దమ్ము నిలవడానికి కొందరు వేసుకునే సూదులు, బిళ్ళలు, స్టెరాయిడ్ల సంగతి.

నాగోల్‌లో ఉండేవాళ్ళకు ఈ ప్రశ్న రావడంలో వింత లేదు. ఇక్కడ మెట్రో ఎక్కితే ఉప్పల్ తర్వాతి స్టేషనే స్టేడియం. 2024 మార్చి 27న అక్కడ సన్‌రైజర్స్ జట్టు ముంబై మీద 3 వికెట్లకు 277 పరుగులు చేసిన రాత్రి, టికెట్టు కొనే స్తోమత లేక, ఒక్క ఫోను చుట్టూ తొమ్మిది మందిమి కూర్చున్నాము. రెండు జట్లూ కలిపి 38 సిక్సర్లు కొట్టాయి. అప్పటికి ఏ టి20 మ్యాచ్‌లోనూ అన్ని సిక్సర్లు రాలేదు. డిగ్రీ చదివే ఒక తమ్ముడు "ఏం తింటే ఇట్ల కొడతరన్నా?" అన్నాడు. పక్కనున్న ఇంకో తమ్ముడు "తింటే కాదురా, కండ ఉండాలె. కండ ఊకెనే వస్తదా? సూది పడాలె" అన్నాడు. ఈ రెండో తమ్ముడు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. అతని మాట వెనుక ఆటకంటే పెద్ద సంగతి ఉందని మాకు తరువాత తెలిసింది.

ఆ రాత్రి సిక్సర్లకు సూది కారణమని ఎవరూ అనలేదు, అనడానికి ఆధారమూ లేదు. చదునైన పిచ్, లావుపాటి అంచుల బ్యాట్లు, 2023 నుంచి వచ్చిన ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన వల్ల జట్టుకు అదనంగా దొరికే ఒక బ్యాట్స్‌మన్, ఇవి చాలు. సూది పేరే వినని రోజుల్లో, 1926లో, బొంబాయి జింఖానా మైదానంలో మన తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు గారు ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. కాబట్టి పెద్ద షాటు కనబడగానే అనుమానపడటం సరికాదని తమ్ముళ్ళకు చెప్పాము. వాళ్ళు ఒప్పుకున్నారు. కాని "వేసుకుంటే పోతదా, పోదా అది చెప్పన్నా" అని మళ్ళీ మొదటికే వచ్చారు.

ఈ ప్రశ్న మీద అందరికంటే ఎక్కువ తలలు బద్దలు కొట్టుకున్నది అమెరికావాళ్ళు. వాళ్ళ బేస్‌బాల్‌లో గుండ్రటి కర్రతో కొట్టిన బంతి మైదానం కంచె దాటితే హోమ్ రన్. మన సిక్సర్ లాంటిదే. ఒక సీజన్‌లో 61 హోమ్ రన్లని రోజర్ మారిస్ 1961లో పెట్టిన రికార్డు 37 ఏళ్ళు నిలిచింది. 1998లో మార్క్ మెక్‌గ్వైర్ 70, సామీ సోసా 66 కొట్టారు. 2001లో బ్యారీ బాండ్స్ 73 కొట్టాడు. తరువాత స్టెరాయిడ్ల గుట్టు బయటపడింది. మెక్‌గ్వైర్ 2010లో తాను వాడినట్లు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, గాయాలు మానడానికి వాడానని, హోమ్ రన్లు కొట్టే నేర్పు తనకు దేవుడిచ్చిందని అన్నాడు. బాండ్స్ తెలిసి ఎన్నడూ వాడలేదన్నాడు. ఆయన 73 ఇప్పటికీ రికార్డు పుస్తకంలో ఉంది. ఆటలోని మహామహులకు ఇచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం కోసం 2022 దాకా పదేళ్ళు విలేకరులు ఓట్లు వేసినా ఆయన గెలవలేదు.

లెక్కలు చూస్తే కూడా తేలదు. స్టెరాయిడ్ల కాలమని పేరుపడిన 2000 సంవత్సరంలో పెద్ద లీగులో మొత్తం 5,693 హోమ్ రన్లు వచ్చాయి. పరీక్షలు, శిక్షలు గట్టిపడిన తరువాత, 2019లో 6,776 వచ్చాయి. ఆ ఏడు బంతికి గాలిలో అడ్డు తగ్గిందని, అందుకు కుట్టు ఎత్తు కొంత కారణమని నిపుణులు తేల్చారు. అంటే బంతి కుట్టులో వెంట్రుకవాసి తేడా వస్తే వేల మంది ఆటగాళ్ళ లెక్కలు తారుమారు అవుతాయి. అలాంటిచోట ఒక్క మనిషి పరుగుల్లోంచి మందు వాటాను విడదీయడం నీళ్ళలో కలిసిన పాలను వేరు చేయడం లాంటిది.

అందుకని మేము మా ఎం.ఎస్సీ. పుస్తకాల వైపు తిరిగాము. టఫ్ట్స్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు రోజర్ టోబిన్ 2008లో ఒక లెక్క వేశాడు. మందువల్ల కండ 10 శాతం పెరిగిందనుకుందాం. కర్రకు అందే శక్తి అంత మేర పెరిగితే దాని వేగం సుమారు 5 శాతమే పెరుగుతుంది, ఎందుకంటే శక్తి వేగం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ఇంటర్‌లో మనం బట్టీపట్టిన సూత్రమే. కర్ర వేగం 5 శాతం పెరిగితే కొట్టిన బంతి వేగం సుమారు 4 శాతం పెరుగుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. కాని ఈ 4 శాతంతో హోమ్ రన్లు కనీసం సగం పెరగవచ్చని, రెట్టింపు కూడా కావచ్చని ఆయన లెక్క తేల్చింది. ఫలానావాడు వాడాడని ఇది రుజువు చేయదు. వాడితే ఎంత రావచ్చో చెబుతుంది, అంతే.

నాలుగు శాతం యాభై శాతం ఎలా అయింది? ఇక్కడ తమ్ముళ్ళు తికమకపడ్డారు. మేము బోర్డు మీద బౌండరీ తాడు గీసి చూపించాము. ఒక బ్యాట్స్‌మన్ ఎత్తుకొట్టిన బంతులన్నీ ఎక్కడ పడ్డాయో చుక్కలు పెడితే, తాడు దాటి చాలా దూరం పోయేవి కొన్నే. తాడుకు రెండు మూడు మీటర్ల ఇవతల పడి క్యాచ్‌లయ్యేవి చాలా. 68 మీటర్ల దగ్గర పడాల్సిన బంతి 71 మీటర్లకు పోతే, 70 మీటర్ల తాడు దగ్గర అవుట్ కాస్తా సిక్సర్ అవుతుంది. కొట్టినవాడు మారలేదు. గీత దగ్గర గుంపుగా ఉన్న బంతులు గీత దాటాయి.

ఇంతవరకు అర్థం కానివాళ్ళకు కూడా ఒక్క మాటతో అర్థమైంది: కటాఫ్. ఒక్క మార్కుతో ఉద్యోగం పోయినవాళ్ళు మన వసతి గృహంలో ప్రతి గదిలో ఒకరున్నారు. గీతను కదపకుండా అందరికీ రెండు మార్కులు కలిపి చూడండి, జాబితాలో పైనున్నవాడికి ఏమీ కాదు, అడుగునున్నవాడికి ఏమీ కాదు, గీత కింద నిలబడ్డ వందల మంది బతుకులు మారిపోతాయి. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000 సంవత్సరంలో మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి గారు మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. బంగారు, వెండి పతకాలు గెలిచినవాళ్ళు ఎత్తింది 242.5 కిలోలు. తేడా రెండున్నర కిలోలు, ఒక్క శాతం. ఇక్కడ మందు ప్రసక్తి లేదు. గీత ఎంత సన్ననిదో చెప్పడానికే ఈ మాట.

మందుతో నిజంగా కండ పెరుగుతుందా అన్నదానికి కూడా జవాబు ఉంది. శలేందర్ భాసిన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1996లో 43 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళ మీద చేసిన పరిశోధన ప్రచురించారు. పది వారాలపాటు కొందరికి వారానికి 600 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్, కొందరికి ఉత్తుత్తి సూది ఇచ్చారు. వ్యాయామం చేసి ఉత్తుత్తి సూది వేయించుకున్నవాళ్ళకు కొవ్వు కాని బరువు సగటున 1.9 కిలోలు పెరిగింది. వ్యాయామం చేయకుండా మందు తీసుకున్నవాళ్ళకు 3.2 కిలోలు. రెండూ ఉన్నవాళ్ళకు 6.1 కిలోలు. కూర్చున్నవాడు చెమటోడ్చినవాడిని మించిపోయాడన్నమాట. ఈ అంకెలు చదివిన రాత్రి మాకు బాధ కలిగింది, ఎందుకు దాచాలి?

అయితే కండ కళ్ళకు రాదు. బేస్‌బాల్‌లో గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి కొట్టేవాడిని చేరడానికి పట్టే సమయం సుమారు 0.4 సెకన్లు. అంతలోనే చూడాలి, తేల్చుకోవాలి, కర్ర తిప్పాలి. ఆ నేర్పు ఏ సూదిలోనూ లేదు. మెక్‌గ్వైర్ చెప్పిన దాంట్లో సగం నిజం ఇక్కడే ఉంది. బంతి తగలనివాడికి పదిశాతం కండ ఎక్కువైతే గాలి గట్టిగా వీస్తుంది, అంతకంటే ఏమీ కాదు. నిషేధిత మందు ఒంట్లో దొరికిందంటే అది ఆట పెంచిందనీ కాదు. 2019లో పృథ్వీ షా నమూనాలో టర్బుటలిన్ దొరికి ఎనిమిది నెలలు నిషేధం పడింది. దగ్గుమందు వల్ల వచ్చిందన్న అతని వివరణను బోర్డు అంగీకరించింది. దగ్గుమందుతో కవర్ డ్రైవ్ బాగుపడిందని మేము నమ్మము.

మొత్తానికి మేము చెప్పిన జవాబు: పోతుంది. ముందే బాగా కొట్టేవాడికి కొంచెం దూరం పోతుంది, ఆ కొంచెమే గీత దగ్గర చాలా అవుతుంది. "మందు పనిచేయదు, దండగ" అని పెద్దలు చెప్పే మాట జిమ్‌కు పోయి కళ్ళతో చూసిన కుర్రాడు నమ్మడు. ఒక్క మాట అబద్ధమని తేలితే, గుండె పాడవుతుంది, వృషణాలు కుంచించుకుపోతాయి, ఒంట్లో సహజంగా తయారయ్యే హార్మోన్ ఆగిపోతుంది అని చెప్పే నిజాలను కూడా నమ్మడు.

ఆ తరువాతే కానిస్టేబుల్ తమ్ముడు అసలు సంగతి బయటపెట్టాడు. జిమ్‌లో పరిచయమైన ఒకాయన "పరుగు రోజు పొద్దున ఒక్క సూది, దమ్ము ఆగదు" అన్నాడట. పేరు అడిగితే మెఫెంటెర్మిన్ అని తేలింది. ఆపరేషన్‌కు వెన్నులో మత్తు ఇచ్చినప్పుడు రక్తపోటు పడిపోతే లేపడానికి డాక్టర్లు వాడే మందు అది. జిమ్ములకు పోయే కుర్రాళ్ళకు దొంగచాటుగా అమ్ముతుంటే హైదరాబాద్‌లో ఔషధ నియంత్రణ అధికారులు, పోలీసులు పట్టుకున్న వార్తలు ఈమధ్య పేపర్లలో చూస్తూనే ఉన్నాము. ఇది కండ పెంచదు. గుండెను కొరడాతో కొడుతుంది. టోబిన్ లెక్క గాని, భాసిన్ లెక్క గాని దీనికి వర్తించవు. పరుగెత్తేటప్పుడు గుండె ఎలాగూ పూర్తి వేగంతో కొట్టుకుంటుంది, దాని మీద ఇంకో దెబ్బ.

"మరి పక్కోడు ఏస్కుంటే ఎట్లన్నా? నేను ఎనకవడతా కదా" అన్నాడు. మంచి ప్రశ్న. బేస్‌బాల్‌లో అయితే అది నిజం, ఒకడి రికార్డు ఇంకొకడిని కిందికి తోస్తుంది. కాని 2022 నాటి నోటిఫికేషన్‌లో మగవాళ్ళకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో అర్హత పరుగు. పక్కవాడు 5 నిమిషాల్లో పరుగెత్తినా ఆ గీత జరగదు. జరిగే గీత రాతపరీక్షలో ఉంది, దానికి సూది లేదు.

తిండి సంగతి కూడా వచ్చింది. 2024లో పెంచిన తరువాత కాలేజీ విద్యార్థికి మెస్ ఛార్జీ నెలకు 2,100 రూపాయలు, అంటే రోజుకు 70. మంచి పేరున్న కిలో ప్రొటీన్ డబ్బా ధర ఆ నెల మొత్తం కంటే ఎక్కువ. సూది అయితే చవక. అందుకే అది డబ్బులేని కుర్రాడి దగ్గరికే ముందు వస్తుంది. పరుగుకు పోయేవాళ్ళకు పొద్దున ఉడికించిన గుడ్లు ఇప్పించమని వార్డెన్ గారిని అడిగాము. బడ్జెట్ చూసి చెబుతామన్నారు. ప్రస్తుతానికి గదికి పది రూపాయలు వేసుకుని మేమే కొంటున్నాము.

తమ్ముడు మొదట్లో 8 నిమిషాల 10 సెకన్లు తీశాడు. మొన్న ఆదివారం, ఖాళీ వెంచర్‌లో మేము టేపుతో కొలిచి గీసిన 400 మీటర్ల రౌండు మీద 7 నిమిషాల 31 సెకన్లు వచ్చింది. ఇంకా 16 సెకన్లు కావాలి, నాలుగు శాతానికి కొంచెం తక్కువ. ఒక్కో రౌండు విడిగా రాసుకున్నాము: 1:36, 1:54, 2:07, 1:54. మొదటి రౌండు ఎవరో తరుముతున్నట్లు పరుగెత్తి మూడో రౌండులో కూలబడుతున్నాడు. సమంగా పరుగెత్తితే రౌండుకు 1:48 చాలు. వచ్చే ఆదివారం మొదటి రౌండు అతని ముందు మాలో ఒకరు గడియారం పట్టుకుని పరుగెత్తాలని, దాటిపోనివ్వకూడదని అనుకున్నాము.